సబ్బు నీళ్ళలో ఉప్పాడ గవ్వలు

లాడ్జి బాత్రూంలో, సబ్బు నీళ్ళ బకెట్ అడుగున ఏదో గీరుతున్న చప్పుడు వినగానే కేక పెట్టాను. అప్పుడు సాయంత్రం నాలుగు. మా రైలు ఎనిమిది ముప్పావుకి.

ముందు జరిగింది చెప్పాలి. హైదరాబాద్ కొత్తగూడలో మా పిల్లలకు తెలిసిన ఇసుక, కట్టే అపార్ట్‌మెంట్ల ముందు పోసిన కుప్పే. అందుకే శుక్రవారం రాత్రి లింగంపల్లిలో రైలెక్కి, శనివారం ఉదయం ఏడున్నరకు కాకినాడలో దిగాం. నా సంచిలో రెండు శానిటైజర్ సీసాలు, మందుల డబ్బా చూసి ఎదురు బెర్తు పెద్దావిడ, "మీరు డాక్టరాండీ?" అని అడిగింది. "కాదమ్మా, జర పరేషాన్ ఎక్కువ, గంతే" అన్నారు మా ఆయన.

ఉప్పాడకు ఆటోలో ముప్పావు గంట. రానూపోనూ ముందే మాట్లాడుకోవడం మేలు. అల వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుకలో గవ్వలు దొరుకుతాయి. ఎనిమిదేళ్ళ మేధ, ఐదేళ్ళ విహాన్ పదకొండింటికల్లా టిఫిన్ డబ్బా నింపేశారు. వాళ్ళ అడుగుల చప్పుడుకు ఎర్ర పీతలు బొరియల్లోకి పారిపోయాయి. వాటికన్నా వేగంగా పారిపోయింది నేనేనని మా ఆయన అందరికీ చెబుతున్నారు.

కాకినాడ లాడ్జికి తిరిగొచ్చి, భోంచేసి కాసేపు పడుకున్నాం. లేచాక ఎప్పుడూ చేసే పనే చేశాను. మా ఇంట్లోకి కూరగాయలైనా కడగందే రావు. గవ్వలన్నీ సబ్బు నీళ్ళలో పోశాను.

నా కేక విని, గదులు తుడిచే ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "అయ్యబాబోయ్, గుల్లల్లో కాపురముండే పీతలండీ ఇవి! తొరగా మంచినీళ్ళతో కడిగి, తడిగుడ్డలో చుట్టి, సముద్రంలో వదిలెయ్యండమ్మా!"

మా ఆయన బకెట్‌లోకి తొంగి చూశారు. "మనలెక్కనే కిరాయికి ఉంటున్నయి గదా. నువ్వేమో ఖాళీ చేయిస్తున్నవ్."

మేధ నవ్వలేదు. "నువ్వు చంపినవ్ మమ్మీ" అంది.

ఆటోలో ఊరికి దగ్గరి తీరానికి చేరేసరికి ఐదు. మొత్తం నాలుగు పీతలు; మిగిలిన ఖాళీ గవ్వలన్నీ కూడా అక్కడే ఇసుకలో పోసేశాం. తడి ఇసుకలో పెట్టగానే పీతల్లో మూడు తమ కాళ్ళు బయటపెట్టి, మా వంకైనా చూడకుండా అలల్లోకి నడిచాయి. నాలుగోది మేధ తనకని ఎంచుకున్న చారల గుల్ల. అది కదలలేదు. మేధ దాని పక్కనే బోర్లా పడుకుంది. ఆరు దాటింది. మసక చీకటి పడింది. నేను రైలు టైం గురించి ఒక్కసారీ అరవలేదు, అదే మా ఇంట్లో పెద్ద వింత. చివరికి దాన్ని అల అంచున పెట్టి, పిల్లల్ని ఆటో ఎక్కించాను. మా ఆయన వెనక్కి వెళ్ళి చూసొచ్చి, "పోయింది బిడ్డా, నేను చూసిన" అన్నారు.

రైల్లో పిల్లలు పడుకున్నాక, నిజంగానే చూశారా అని మా ఆయన్ని నిలదీశాను. "చీకట్ల ఏం కనబడ్తది? పిల్ల ఏడుస్తుంటే ఏం చెప్పాలె?" అన్నారు మెల్లగా.

పిల్లలతో ఉప్పాడ తప్పకుండా వెళ్ళండి. డబ్బా ఖాళీగా తిరిగొచ్చినా నష్టం లేదు. మాది అలాగే వచ్చింది, అయినా ఈ ప్రయాణాన్ని మేం మర్చిపోం.

ఆదివారం ఉదయం లింగంపల్లి ప్లాట్‌ఫాం మీద మేధ నా కొంగు పట్టుకుంది. "మమ్మీ, అది నిజంగ పోయిందా?"

పోయిందనే చెప్పమని మా ఆయన కనుసైగ చేశారు. నేను పిల్లలిద్దర్నీ బెంచీ మీద కూర్చోబెట్టాను.

"మేము చూడలే బిడ్డా. బతికిందో లేదో నాకు తెల్వది. లోపల ఏమున్నదో చూడకుండ సబ్బు నీళ్ళల్ల వేసింది నేనే. ఇంటికి పోయినంక మళ్ళ అడుగు, రేపు గూడ అడుగు. గిదే చెప్త."