అబూ నాసర్ తుపాకి, నా పెళ్లి ముహూర్తం

ఒక్క మాట జారి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. ఒక్క మాట జారి పెళ్లికూతురినే పోగొట్టుకున్నవాణ్ణి చూడాలంటే మాత్రం జగిత్యాల రావాలి. విత్తనాల దుకాణంలో కళ్లజోడుకు దారం కట్టుకుని కూర్చునేవాణ్ణి నేనే. ఆ మాట తిట్టు కాదు, బూతు కాదు, పూర్తిగా అబద్ధం కూడా కాదు. "నాకు వచ్చు." అంతే. ఇంత చిన్న మాటకు అంత పెద్ద శిక్ష ఏమిటంటారా? వినండి, మీకే తెలుస్తుంది.

తప్పు మొదట బొంబాయిలో జరిగింది. సౌదీ వీసాకు పరీక్ష ఉందని ఏజెంటు మనిషి మమ్మల్ని వరుసగా కూర్చోబెట్టి ఒకటే మంత్రం ఉపదేశించాడు. "ఏం అడిగినా ఆతా హై, వచ్చు అనాలె. వెల్డింగా? ఆతా హై. పైపుల పనా? ఆతా హై. ఇమానం నడుపుడా? ఆతా హై. అక్కడ దిగినంక మీ తిప్పలు మీరు పడుండ్రి." నేను ఆ మంత్రాన్ని ఎంత నిష్ఠగా పట్టుకున్నానంటే, ఉనైజా తోటలో దిగిన మొదటి రోజే మా కఫీల్, అంటే మా యజమాని, అబూ నాసర్ "ఖర్జూరం చెట్టెక్కడం వచ్చా?" అంటే ఆతా హై అని సగం దాకా ఎక్కి, దిగడం రాక మధ్యాహ్నం వరకు అక్కడే ఉన్నాను.

నా పక్క మంచం గంగారాంది. కోరుట్ల దగ్గరి ఊరు. నాకంటే రెండేళ్లు చిన్న. మా కులంవాడే, ఇంటిపేరు వేరు. ఈ ముక్కలు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి, నాకు కాదు. అతని మంత్రం నా మంత్రానికి సరిగ్గా వ్యతిరేకం. ఏం అడిగినా "నాకెర్కలేదు", అంటే తెలియదు, అంటాడు. పంపు చెడిందా? ఎర్కలేదు. పైపు కింద లీకుందా? ఎర్కలేదు. చేతులు మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి సరిచేస్తూనే ఉంటాయి. నేను అతణ్ణి చూసి జాలిపడేవాణ్ణి. "గిట్లయితె ఎట్ల బతుకుతవురా?" అనేవాణ్ణి.

"బతుకుతున్న గదన్నా" అనేవాడు.

మధ్యలో కఫీల్ నన్ను ఆరు నెలలు జుబైల్‌కు అరువిచ్చాడు. ఫ్యాక్టరీ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పని. పైపుకు పైపు కలిపి బోల్టులు బిగించడమే అక్కడ మా వేదం. పానాకు గొట్టం తొడిగి ఇద్దరం వేలాడి మరీ బిగించేవాళ్లం. అక్కణ్ణుంచి ఉనైజాకు తిరిగివచ్చేసరికి నాకు రెండు ఒంటబట్టాయి: ఫిట్టర్ అన్న పేరు, బిగించే జబ్బు.

ఇక పెళ్లి సంగతి. మెట్‌పల్లి పిల్ల, పేరు పద్మ. అంతకుముందు సెలవులోనే వరపూజ, అంటే నిశ్చితార్థం, అయిపోయింది. ఆ రోజు ఆమెను చూసింది ఎంతసేపంటే, చాయ్ చల్లారేంత. మాట్లాడింది లేదు. పెట్టుకున్న ముహూర్తానికి సౌదీ పక్కనే యుద్ధం వచ్చిపడింది. చుట్టీలన్నీ బంద్. ఊళ్లో వాళ్లు రేడియో పట్టుకుని మా బతుకుల లెక్కలు వేస్తుంటే, ఇక్కడ మేము పంపులకు గ్రీజు పెడుతూ ఉన్నాము. యుద్ధం అయిపోయాక పద్మ తండ్రి, నాకు కాబోయే మామ, మళ్లీ ముహూర్తం పెట్టించాడు. మార్గశిరంలో. అది దాటితే పుష్యమాసం, దాని వెనకే మూఢం. "బిడ్డా, ఈసారి తప్పితె మా ఇంటికాడ మొకం చూపలేం" అని ఉత్తరం రాయించాడు.

పంపులు చూసేవాళ్లం ఇద్దరమే కనుక ఒకసారి ఒకడికే చుట్టీ. ఆ వంతు నాది. కఫీల్ తల ఊపాడు కూడా. ఇక కాగితం మీద సంతకం పడడమే తరువాయి.

అప్పుడు వచ్చింది తుపాకి.

చిన్న తూటాల వేట తుపాకి. చలికాలం పిట్టలు దిగగానే అబూ నాసర్, తమ్ముళ్లు, దోస్తులు ఎడారిలోకి పోతారు. తూటాలు పెట్టే డబ్బీ, అదే మ్యాగజైన్, పోయిన ఏడాది ఇసుకలో ఎక్కడో పారేసుకున్నాడు. ఆ కంపెనీది దొరకలేదు. ఎవరో చుట్టం బయటి దేశం నుంచి ఇంకో కంపెనీ మ్యాగజైన్ తెచ్చి, అది ఈ తుపాకికి పట్టేందుకు ఒక అడాప్టర్ కూడా ఇచ్చాడు. అరచేతిలో సగం ఉండే ఇనుప చట్రం. దాన్ని తుపాకి కడుపులో రెండు స్క్రూలతో బిగిస్తే, కొత్త డబ్బీ అందులో కూర్చోవాలి.

"ఇంతా మాలూం బందూక్?" అన్నాడు కఫీల్. తుపాకి పని తెలుసా అని.

నేను పుట్టాక తుపాకిని దగ్గరగా చూసింది మా ఊరి జాతరలో, బుడగలు పేల్చేది. అయినా నోరు ఆగిందా? "మాలూం" అన్నాను.

తూటాలు తన దగ్గరే పెట్టుకుని, పేలని ఉత్త తూటాలు నాలుగు నా చేతిలో పోసి, "గురువారం వేట" అన్నాడు. తర్వాత నవ్వి, "ఇది చెయ్యి, సంతకం పెడతా" అన్నాడు. ఇంకేం కావాలి? నా మెదడులో అప్పటికే మేళం మొదలైంది.

పంపు షెడ్డులో గోనెపట్టా పరిచి కూర్చున్నాను. గంగారాం దూరంగా నిలబడ్డాడు. "అన్నా, గది మనం ముట్టచ్చునా? షుర్తా పోలీసులు చూస్తె?"

"ముట్టమన్నది మన కఫీలే గదరా. నువ్వు గా టార్చిలైటు ఇటు పట్టు."

పట్టాడు. చట్రం పెట్టాను, స్క్రూలు తిప్పాను. మెత్తగా బిగిశాయి. అంతటితో ఆపితే నేను జుబైల్ ఫిట్టర్‌ను ఎలా అవుతాను? పిడికిలి తెల్లబడేదాకా బిగించాను. డబ్బీ తోశాను. ఉత్త తూటాలు నింపిన ఆ డబ్బీ లోపలికి పోదు. పక్కనుంచి అరచేత్తో కొట్టాను, పోయింది. తూటాను గొట్టంలోకి తోసే గడియ లాగి వదిలాను. తూటా ముక్కు పైకి లేచి, గొట్టం అంచుకు తగిలి అక్కడే నిలబడింది.

రెండోసారి గడియ తూటాను పట్టించుకోకుండా దాని మీది నుంచే వెళ్లిపోయింది. మూడోసారి డబ్బీ ఊడి నా కాలి బొటనవేలి మీద పడ్డది.

"డబ్బీ తప్పు" అన్నాను. ఆకురాయి తీసి డబ్బీ అంచు అరగదీయబోయాను.

"అది కొత్తది గదన్నా. అరగదీస్తె మళ్ల పెరుగదు" అన్నాడు గంగారాం.

సరే, స్ప్రింగు తప్పన్నాను. తర్వాత తూటాల తప్పన్నాను. తర్వాత ఆ వస్తువు తయారుచేసిన దేశం తప్పన్నాను. ప్రతి తప్పుకూ స్క్రూలు ఇంకో చుట్టు బిగిస్తూ వచ్చాను. ఆడలేక మద్దెల ఓడు అంటారు, నేను మద్దెలను కూడా పగలగొట్టేలా ఉన్నాను. మంగళవారం పోయింది, బుధవారం పొద్దెక్కింది. సంతకం కాగితం కళ్ల ముందే గాలికి ఎగిరిపోతున్నట్టు అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ పూట నాకు ఏడుపొచ్చింది.

గంగారాం బీడీ ఆర్పి వచ్చి పక్కన కూచున్నాడు. "నాకెర్కలేదు గని అన్నా, జర ఒదులు జేసి చూస్తివా?"

"ఒదులు జేస్తె ఊడిపోతది."

"ఊడిపోయెటంత గాదు. సగం చుట్టు. నువ్ బిగించిన కాడ తుపాకి కట్టె అణిగి, గా చట్రం ఒక పక్కకు ఒరిగింది. పెండ్లిపందిరి గుంజ లెక్క."

వెనక స్క్రూ సగం చుట్టు వదులు చేశాను. అతను పాలపొడి డబ్బా రేకు గోరంత ముక్క కత్తిరించి చట్రం కింద ఒరిగిన పక్క పెట్టాడు. డబ్బీ తోశాను. టక్కున కూర్చుంది. గడియ లాగాను. తూటా పోయింది, బయటికి వచ్చింది. నాలుగూ అలాగే. మళ్లీ పది మార్లు చూశాము. ఒక్కటి తప్పలేదు.

గురువారం వేట నుంచి అబూ నాసర్ తిరిగివచ్చాడు. తుపాకి ఒక్కసారీ ఇరుక్కోలేదట. దోస్తులు నలుగురు గావా కాఫీ తాగుతూ కూర్చున్నారు. మమ్మల్నిద్దరినీ పిలిచాడు.

"ఎవరు చేశారు ఇది?"

ఇక్కడ కాస్త ఆగండి. నా బతుకు ఇక్కడ రెండుగా చీలింది. "ఇద్దరం" అంటే చాలు. కనీసం దగ్గినా చాలు. నేను ఛాతీ ముందుకు పెట్టి, "నేనే" అన్నాను.

"ఇతను?" గంగారాం వైపు చూపించాడు.

"స్క్రూ ఏ దిక్కు తిప్పాలో కూడా వీనికి తెలియదు."

"ఈ ఖసీం ఇలాకాలో ఇంకెవరికైనా వచ్చా ఈ పని?"

"నేను తప్ప ఎవరికీ రాదు" అన్నాను. ఎవరూ అడగకపోయినా, "జుబైల్‌లో కూడా రాదు" అని కలిపాను.

దోస్తులు మాషా అల్లా అన్నారు. ఒకాయన లేచి తన బండిలోంచి ఇంకో తుపాకి తెచ్చాడు. ఆయనకూ ఒక అడాప్టర్ ఉందట, రెండేళ్లుగా కుదరడం లేదట. ఇంకొకాయనకు ఇంట్లో రెండున్నాయట. అబూ నాసర్ నన్ను ప్రేమగా చూశాడు. ఎద్దును కొన్నవాడు ఎద్దును చూసినట్టు.

"ఇంత పనివాణ్ణి వేట రోజుల్లో ఎలా పంపిస్తాను? చలికాలం అయిపోనీ. ఈసారి ఏమీ రానివాడు పోతాడు" అని, నా కాగితం పక్కన పెట్టి గంగారాం కాగితం మీద సంతకం పెట్టాడు.

నేను కాళ్లావేళ్లా పడ్డాను. పెళ్లి అన్నాను, ముహూర్తం అన్నాను. "తుపాకి పని నాకు రాదు, చేసింది వీడే" అని కూడా అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. కఫీల్ గంగారాంను అడిగితే వాడు అలవాటు ప్రకారం, "నాకెర్కలేదు" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. కాని స్క్రూ తిప్పడం రాదని అన్నది నేనే కదా, ఏ ముఖంతో తిడతాను?

పెళ్లికని రియాద్ నుంచి తెప్పించిన ఎర్ర చీర, మామకు ఒక ఉత్తరం వాడి చేతికే ఇచ్చాను. "ముహూర్తం జరపమను. నువ్వే నచ్చజెప్పాలె."

"చెప్తన్నా" అన్నాడు.

నెల తిరిగాక క్యాసెట్ వచ్చింది. మామ గొంతు, వెనక డోలు మోత. "బిడ్డా, కోపం జెయ్యకు. కార్డులు పంచినం, పందిరేసినం. రెండోసారి ఆగితె పిల్లను నలుగురు నాలుగు మాటలంటరు. చీర పట్టుకొచ్చిన పిలగాడు మన కులపోడే, నెమ్మదస్తుడు. ఇంటిపేరు గూడ వేరే, అడ్డం లేదు."

తర్వాత గంగారాం గొంతు. "అన్నా, నువ్ జెప్పుమన్నది మొత్తం జెప్పిన. వాళ్లు నన్ను చేసుకుంటవా అని అడిగిండ్రు. నాకేమెర్క అన్న. పీటల మీద కూసోబెట్టిండ్రు." టేపు చివర మళ్లీ వాడే. "చీర మంచిగుందన్నా. అందరన్నరు."

అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చస్తే ఏమీ తెలియనమ్మ ఏకాదశి నాడు చచ్చిందంటారు. మా ఇద్దరి విషయంలో అన్నీ తెలిసినవాడు గోనెపట్టా మీద తుపాకి ముందు కూర్చున్నాడు, ఏమీ తెలియనివాడు పీటల మీద కూర్చున్నాడు. ఆ చలికాలం నేను ఆరు తుపాకులకు అడాప్టర్లు పెట్టాను. ఒక్కటీ ఇరుక్కోలేదు. ప్రతిదాని కిందా పాలపొడి డబ్బా రేకు ముక్కే.

గంగారాం తిరిగివచ్చి మళ్లీ పక్క మంచం మీదే పడుకున్నాడు. ఆమె ఉత్తరాలు అతనికి వచ్చేవి. అతనికి చదువు రాదు. ఎవరు చదివిపెట్టేవారో నన్ను అడగకండి. నాకు చదువు వచ్చునని మొదటి రోజే చెప్పుకున్నాను.

తర్వాత నాకూ పెళ్లయింది, పిల్లలయ్యారు, అందరిలాగే బతికాను. పోయిన నెల గంగారాం బిడ్డ పెళ్లికి కోరుట్ల వెళ్లాను. వాకిట్లో కుట్టుమిషను దడదడలాడుతోంది. పద్మ దాని ముందు నుంచి లేచి నా దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్లలో నాతో మాట్లాడిన మొదటి మాట. "అన్నా, మీకు మిషిన్ల పని మస్తు వచ్చునట గద. ఆయిన ఎప్పుడు చెప్తనే ఉంటడు. జర దీన్ని చూస్తరా?"

వంగి చూశాను. కింద స్క్రూ ఎవరో మరీ బిగించేశారు. సగం చుట్టు వదులు చేస్తే చాలు.

పాఠకులారా, ఆ కుట్టుమిషను సాక్షిగా, జుబైల్‌లో నేను బిగించిన బోల్టులన్నిటి సాక్షిగా, ఇక ఈ జన్మలో 'వచ్చు' అన్న ఆ మాట నా నోట రానివ్వనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

"నాకెర్కలేదమ్మా" అన్నాను.