తెల్లచారల మొక్కకు వైద్యం

హఫీజ్‌పేట్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక, ప్రహరీగోడకీ వేపచెట్టుకీ మధ్య ఎండ పడని కాస్త నేల ఉంది. అక్కడ అల్లం జాతి మొక్క ఒకటి నాటాను. అడవిలో పెద్ద చెట్ల నీడన బతికే రకం. పచ్చటి ఆకు మీద సున్నం గీసినట్టు తెల్లచారలు. నర్సరీలో చూడగానే మనసు పడ్డాను. నా చేతులకూ మెడకూ బొల్లి మచ్చలున్నాయి మరి. మచ్చలున్నందుకే జనం ఇష్టపడి ఇంటికి తీసుకుపోయే ప్రాణి ఒకటుందని ఎంత సంబరపడ్డానో.

ఆ సంబరం నెల నిలవలేదు. ఆ దారిన పోయే ప్రతివాళ్ళూ వైద్యులే. ఒకాయన వేపనూనె కొట్టమన్నాడు. ఒకావిడ పుల్లమజ్జిగ పొయ్యమంది. పై అంతస్తు ఆవిడైతే, "మందు వాడితే తగ్గిపోతుందండీ" అంది, నా చేతుల వంక చూస్తూ. పాలూ చేపలూ కలిపి తినొద్దని దానికి చెప్పడం ఒక్కటే మిగిలింది. నాకది ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు. "జబ్బు కాదండీ, దాని రంగే అది" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

ఆఫీసు పని మీద వారం రోజులు పుణె వెళ్ళొచ్చేసరికి, చారలున్న ప్రతి పిలకా మొదలంటా కోసేసి ఉంది. దారితప్పి పూర్తి పచ్చగా వచ్చిన రెండు పిలకల్ని మాత్రం భద్రంగా ఉంచారు. నిజానికి కొయ్యాల్సింది వాటినే. వదిలేస్తే అవే బలిసి, చారలవాటిని ఎదగనివ్వవు.

కోసింది వాచ్‌మన్ భార్య. రోజూ ఆ మొక్కకు నీళ్ళు పోసేదీ ఆమే. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తెగులు కాదని నీకెన్నిసార్లు చెప్పాను?"

"నాకెర్కనే మేడం," అంది తల దించుకుని. "మీ చేతులకెల్లి చెట్టుకు అంటిందని మీది అంతస్తోళ్ళు అంటుండ్రు. పిల్లల్ని గిటు రానిస్తలేరు. మిమ్ముల గట్ల అంటుంటే నాకు మంచిగనిపియ్యలే. గందుకే కోసిన."

ఆమె మీద కోపం పోయింది. కోపం మాత్రం పోలేదు.

కోసేసిన పిలకల మొదళ్ళ దగ్గర మట్టి కదిపి చూస్తే గోరంత మొలక, అంచున తెల్లగీతతో. వంటింట్లోంచి కత్తి తెచ్చి ఆ పచ్చ పిలకలు రెండూ కోసి పారేశాను. ఆమె బిత్తరపోయి చూస్తోంది.

"ఈసారి ఎవరైనా అంటే," అన్నాను, "అవును, మా మేడం చేతుల నుంచే అంటిందని చెప్పు."