బాపు ఉన్న అర్రకు తలుపు ఎయ్యరు

దయ్యాలు గియ్యాలు అంటే నాకు నవ్వొస్తది. మా అమ్మ దిష్టి తీస్తనంటే గూడ ఆమెతోని లొల్లి పెట్టుకునే మనిషిని. ఇంట్ల అందరు మొత్తుకుంటున్నా అమాసనాడే కొత్త స్కూటీ తెచ్చుకున్న. ఇదంతా ఎందుకు చెప్తున్నంటే, ఇప్పుడు చెప్పేది ఇని "ఈమెకు మొదట్నుంచే భయం ఎక్కువ" అని ఎవ్వరు అనొద్దు.

నా పని ముసలి సిపాయిల మాటలు రికార్డు చేసుడు. యుద్ధాలల్ల కొట్లాడి వచ్చినోళ్లు పోకముందే, వాళ్ల ముచ్చట్లు వాళ్ల నోటితోనే దాచిపెట్టాలని కొంతమందిమి కలిసి చేస్తున్నం. మైకు, రికార్డరు సంచిల ఏసుకొని జల్‌పల్లిల మా ఇంటి నుంచి స్కూటీ మీద పోత.

గౌలిపురల మల్లేశం బాపు గురించి ఆయన కోడలు లక్ష్మక్కనే ఫోన్ చేసింది. బాపుకు గొంతుల క్యాన్సర్. తొందర్లనే ఆపరేషన్ ఉన్నది, ఆ తర్వాత మాట ఉండదని డాక్టర్లు ముందే చెప్పిన్రు. "మాట పోకముందే ఏదో చెప్పాలంటుండు, మాకేమో చెప్తలేడు. నువ్వు రా సునీతా," అన్నది. ఇప్పుడు తప్పితే ఇగ ఆ మనిషి నోటికెళ్లి ఒక్క మాట రాదు. బండి నడుపుకుంట గూడ నాకదే ఫికర్.

వాళ్లది పాలమ్మేటోళ్ల ఇల్లు. ఇప్పుడు బర్లు లేవు గని వెనుక కొట్టం అట్లనే ఉన్నది. దాన్నే బాపుకు అర్ర చేసిన్రు. మందపు మట్టి గోడలు, కిటికీ లేదు, ఒక్కటే తలుపు. గల్లీల హారన్ల మోత లోపటికి రాదు. రికార్డింగ్‌కు ఇంతకంటె మంచి జాగ దొరకదని మస్తు సంబురపడ్డ.

ఫ్యాన్ బందు చేసి తలుపు ఏస్తుంటె లక్ష్మక్క ఉరికొచ్చింది. "బాపు ఉన్న అర్రకు తలుపు ఎయ్యరు సునీతా. నా పెండ్లయినకాడికెళ్లి చూస్తున్న, చలికాలంల గూడ తెరిచే ఉంటది," అన్నది. నేను బాపు దిక్కు చూసిన. ఆయన మైకు దిక్కు చూసి, "ఎయ్యి బిడ్డా. సాఫ్‌గ ఇనవడాలె," అన్నడు. గొంతు అప్పటికే గీరుకపోయి ఉన్నది.

నేనే తలుపు ఏసి గొళ్లెం పెట్టిన. లక్ష్మక్క వాకిట్ల తలుపుకు ఎదురుంగనే కూసొని, గుడిమల్కాపూర్‌కెళ్లి తెచ్చిన బంతిపూలు గుచ్చుడు మొదలుపెట్టింది.

మా పనిల ఒక పద్ధతి ఉన్నది. మాటలకు ముందు, ఎవ్వరు నోరు తెరవకుండ, ఉత్త అర్ర చప్పుడు కొద్దిసేపు రికార్డు చేస్తం. తర్వాత మాటలు కోసి అతికేటప్పుడు నడుమ పెట్టనీకి అది పనికొస్తది. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని బటన్ ఒత్తిన.

టక్. టక్. మట్టి గోడ అవతలికెళ్లి ఎవరో దేనితోనో కొట్టినట్టు ఇనొచ్చింది. లక్ష్మక్కనే అనుకున్న. "కొట్టకు అక్కా, రికార్డింగ్ నడుస్తున్నది," అని ఒర్లిన. ఆగలే. లేచి గొళ్లెం తీసి తలుపు గుంజిన. రాలే.

మళ్ల గుంజిన. గొళ్లెం తీసే ఉన్నది, తలుపు మాత్రం గోడల కలిసిపోయినట్టు ఉన్నది. రెండు చేతులతోని బాదిన. "అక్కా! తలుపు తియ్యి!" అని గొంతు పోయేటట్టు మొత్తుకున్న. ఫోన్ తీస్తె సిగ్నల్ లేదు. బల్బు ఎలుగుతనే ఉన్నది గని ఊపిరి ఆడుతలేదు. ముక్కుల పచ్చి మట్టి వాసన. నిజం చెప్తున్న, నా పిల్లలు యాదికొచ్చి ఏడ్చిన.

బాపు మంచం మీదికెళ్లి లేవలే. మొకం నిండ చెమట. "గుంజకు బిడ్డా. నేను చెప్తె గని రాదది," అని మైకు దగ్గరికి తీసుకున్నడు.

యుద్ధంల వాళ్ల బంకర్ మీద ఫిరంగి గుండు పడి మట్టి మొత్తం కూలిందంట. బాపు ఒక దిక్కు, దేవయ్య అని మన దిక్కు ఊరి సిపాయే ఇంకో దిక్కు ఇరుక్కపోయిన్రు. నడుమ మట్టి. దేవయ్య అన్నం డబ్బతోని టక్ టక్‌మని కొడుతుంటె, వాడు బతికే ఉన్నడని బాపుకు ధైర్యం. ముందుగాల బాపును తవ్వి తీసిన్రు. "లోపట ఇంకెవరన్న ఉన్నరా?" అని అడిగిన్రంట. నోటి నిండ మట్టి, మాట రాలే. చెయ్యి లేపుదామంటె లేవలే. అట్లనే సోయి తప్పింది. కండ్లు తెరిచేసరికి దవాఖానల ఉన్నడు. దేవయ్య పీనుగను ఆఖరికి తీసినప్పుడు వాని చేతిల డబ్బ మొత్తం సొట్టలు పడి ఉండెనంట.

"అడిగినప్పుడు మాట రాలే బిడ్డా. ఇప్పుడు ఉన్న మాట గూడ పోతున్నది," అన్నడు. గోడ దిక్కు తిరిగి, ఆ పగిలిన గొంతుల ఎంత బలముంటె అంత బలం పెట్టి ఒర్లిండు. "ఉన్నడు! లోపట దేవయ్య ఉన్నడు! తియ్యిన్రి!"

చప్పుడు ఆగింది. తలుపు నా చేతిలకు అలకగ వచ్చేసింది.

లక్ష్మక్క పూలు గుచ్చుకుంటనే ఉన్నది. నేను పోయి మీద పడి ఏడిస్తె ఆమెకు సమజ్ కాలే. "నువ్వే ఏసినవ్, జరసేపట్లనే నువ్వే తీసినవ్ గద! అప్పటికెళ్లి తెరిచే ఉన్నది. ఇద్దరు ఉలుకు పలుకు లేకుండ కూసున్నరు. చప్పుడు చెయ్యొద్దని నేను చాయ్ పెట్టి వచ్చిన," అన్నది. ఎనకకు తిరిగి చూసిన. గడప లోపట రెండు చాయ్ గ్లాసులు. చల్లారి పైన మీగడ కట్టి ఉన్నయి.

పక్కింటి వడ్రంగాయనను పిలిచి తలుపు చూపెట్టిన. ఏసి తీసి, తీసి ఏసి, ఏం ఖరాబు లేదన్నడు.

రికార్డింగ్ ఉన్నది. నా ఏడుపు, నేను తలుపు బాదుడు, బాపు మాట, అన్నీ ఉన్నయి. ఆ టక్ టక్ గూడ ఉన్నది, బాపు ఒర్లేదాక. మాతోని పనిచేసే అన్న ఇని, మైకు వైరు తగిలుంటదన్నడు. సరే అన్నా, మరి చాయ్ గ్లాసుల సంగతేందంటె, రికార్డింగ్ మళ్ల మొదటికెళ్లి పెట్టుకున్నడు.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చినంక బాపును చూడబోయిన. మెడకు పట్టీ. మాట లేదు. రికార్డింగ్ పెట్టి ఇనిపించిన. తన గొంతు తనే కండ్లు మూసుకొని ఇన్నడు. అయిపోయినంక లేచి, గోడ పట్టుకుంట పోయి, కొట్టం తలుపు తన చేతులతోనే ఏసిండు. బయట లక్ష్మక్క "బాపూ!" అని మొత్తుకున్నది. నేను లోపటనే ఉన్న. ఉరికి పోయి గుంజి చూసిన, వచ్చింది.

"ఆ రోజు తలుపును అవతలికెళ్లి ఎవరు పట్టుకున్నరు బాపూ?" అని అడిగిన. నాకు ఇప్పటికీ తెల్వదు. ఆయనకు గూడ తెల్వదేమో, చెయ్యి అడ్డంగ ఊపిండు. నన్ను గడప దాటించి, ఇన్నేండ్లల్ల మొదటిసారి తలుపు మూసుకొని పండుకున్నడు.