మా అబ్బాను ‘కాయిల్ ఖాసిం’ అన్నవాళ్లకు

మా చిన్నప్పుడు... దసరా మర్నాడు పొద్దున్నే, మా అబ్బా చాయ్ గ్లాసు ఇంకా కింద పెట్టకముందే, వకీలు సాబ్ మా షెడ్డు ముందు నిలబడి అరుస్తున్నాడు.

"మంచి కాయిల్ పీకి డబ్బా కాయిల్ తగిలించినవ్ కదరా ఖాసిం... నిన్న కొత్త అల్లుని ముందల నా ఇజ్జత్ తీసినవ్."

మట్టెవాడలో మా గల్లీ అంతా విన్నది. మా అమ్మ తలుపు చాటున నిలబడి విన్నది.

ఆ కారు సంగతి చెప్పాలి. ఇంగ్లాండు నుంచి వచ్చిన పాత కారు... ఎర్రది, రెండే సీట్లు, పైన కప్పు ఉండదు. వకీలు సాబ్ వాళ్ల నాన్న కొన్నదట. దాని నాడి తెలిసిన మెకానిక్ మా అబ్బా ఒక్కడే. పండుగకు రెండు రోజుల ముందు పాయింట్లు గీకి, ప్లగ్గులు తుడిచి, స్టార్ట్ చేసి చూపించి మరీ పంపాడు. తీరా దసరా సాయంత్రం అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని జమ్మికి పోదామంటే బండి లేవలేదు. అంతే, మా అబ్బా దొంగ అయిపోయాడు.

అబ్బా టూల్ డబ్బా తీసుకుని బయలుదేరాడు. నాకు దసరా సెలవులు... ఐదో తరగతి. నేనూ వెంట పడ్డాను.

వకీలు సాబ్ వాకిట్లో చుట్టాలంతా చుట్టూ మూగారు. అబ్బా పెట్రోలు చూశాడు, వస్తోంది. బ్యాటరీ చూశాడు, బాగుంది. ప్లగ్గులకు కరెంటు పుట్టించే కాయిల్ నుంచి వచ్చే లావు వైరు పీకి ఇంజను ఇనుము దగ్గర పట్టుకుని, కీ తిప్పమన్నాడు. టక్ టక్‌మని రవ్వ దూకింది.

"కాయిల్ మంచిగుంది సాబ్. మీదే ఇది."

"మంచిగుంటే బండెందుకు లేస్తలేదు? నన్ను ఎడ్డోణ్ణి చేస్తానవా?"

కాయిల్ దాకా కరెంటు ఉంది, ప్లగ్గుల వైర్లు పీకి చూస్తే అక్కడ లేదు. మధ్యలో ఉన్నది నాలుగు ప్లగ్గులకూ వైర్లు పంచే నల్లటి మూత ఒక్కటే. అబ్బా వకీలు సాబ్ భార్య వకీలమ్మ వైపు తిరిగి, "అమ్మా, జర మందం దుప్పటి ఇయ్యండి" అన్నాడు.

ఆమె తెచ్చిన దుప్పటి ఇంజను మీద కప్పి, లోపలికి తల దూర్చాడు. నన్నూ లాగాడు. పట్టపగలు చీకటి చేస్తే గానీ తప్పించుకుపోయే కరెంటు కంటికి కనబడదు. కీ తిరిగింది. ఆ మూత మీద సన్నటి నీలం గీత ఒక వైరు దగ్గర్నుంచి ఇనుము మీదికి చీమలాగా పాకింది...

"సూసినవా బిడ్డా, గిదీ దొంగ" అన్నాడు చెవిలో.

దుప్పటి తీస్తే వెలుతుర్లో కనబడింది. మూత మీద మూడు వేళ్ల పసుపు, నడుమ కుంకుమ బొట్టు. పండుగని ఇంజను మీద కూడా నీళ్లు పోసి కడిగి, స్టీరింగుకు పెట్టినట్టే దానికీ పెట్టారు. తడి పసుపు కుంకుమ మీదుగా కరెంటు పక్కదారి పట్టింది.

అబ్బా గుడ్డతో తుడిచాడు. ఒక్క తిప్పుకే బండి లేచింది.

"ఏమైందిరా?" అన్నాడు వకీలు సాబ్.

గుడ్డ పచ్చగా ఉంది. గడపలో నిలబడ్డ వకీలమ్మ దాన్నే చూస్తోంది. ఆమెకు అర్థమైంది, నేను చూశాను. అబ్బా ఆ గుడ్డను జేబులో కుక్కుకున్నాడు.

"ఏం లేదు సాబ్... జర తడి పట్టింది."

వకీలు సాబ్ చుట్టాలకేసి తిరిగి నవ్వాడు. "గట్టిగ అడిగేసరికి మంచి కాయిల్ మల్ల పెట్టిండు. దుప్పటెందుకు అడిగిండో నాకు తెల్వదా?"

దారిలో ఏడుస్తూ అడిగాను, ఎందుకు చెప్పలేదని. "ఆయన కోపం నీకెరుక లేదు బిడ్డా. గది ఆమె చేతి పసుపు. చెప్తే అల్లుని ముందల ఆమెను ఎన్నెన్ని మాటలంటడో... అయినా పసుపు పెట్టుడు తప్పని నేనెట్ల చెప్తా?"

అంతే. ఆ రోజు నుంచి మా అబ్బా ‘కాయిల్ ఖాసిం’. బడిలో నేను ‘కాయిల్ ఖాసిం బిడ్డ’ను. బండి ఇచ్చినవాళ్లు పని అయ్యేదాకా పక్కనే కాపలా కూర్చునేవాళ్లు. తర్వాత బండ్లు ఇవ్వడమే మానేశారు. అబ్బా షెడ్డు మూసేసి, ఇంకొకరి గ్యారేజీలో పనికి కుదిరాడు.

వకీలు సాబ్ మీద నాకు కోపమే. కానీ ఆమె మీద ఇంకా ఎక్కువ. ఒక్క మాట... ‘నేనే పెట్టిన’ అని ఒక్క మాట చాలు. మరుసటి వారం గిన్నెలో గారెలు పంపింది. అబ్బా తిన్నాడు. నేను ముట్టలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న వకీలు సాబ్ కొడుకు ఆ ఎర్ర కారు పక్కన నిలబడి వీడియో పెట్టాడు. "ఒరిజినల్ ఇంగ్లాండ్ కాయిల్... అప్పట్ల ఒక మెకానిక్ కొట్టేస్తే, మా డాడీ దబాయించేసరికి దుప్పటి కప్పుకొని మల్ల పెట్టిండు" అని. కింద నవ్వే బొమ్మలు. నాతో చదువుకున్నవాళ్లూ పెట్టారు. జరిగింది ఇదీ అని నేను కామెంటు రాస్తే తీసేశాడు. ఇది నా గోడ, ఇక్కడ తీసేయలేడు కదా.

ఇప్పటి కార్లకు వైరు తగిలిస్తే లోపమెక్కడుందో తెర మీదే వస్తుంది. అప్పట్లో మెకానిక్ నోటి మాటే సాక్ష్యం... ఆ మాట మా అబ్బా మింగేశాడు, మింగేసే పోయాడు. నాకు మింగుడు పడలేదు.

మీ గల్లీలోనూ చేయని తప్పుకు ఇట్లా పేరు పడ్డ మనిషి ఉంటే కింద రాయండి... వాళ్ల అసలు పేరుతో రాయండి.

మా అబ్బా పేరు మహ్మద్ ఖాసిం.