చేపకి కూడా తెలియని సంగతి

పోయిన ఆదివారం తాడేపల్లిగూడెంలో మా అక్కతోపాటు చర్చికి వెళ్ళాను. ప్రసంగం సగంలో ఉండగా నా చూపు మగవాళ్ళ వైపు నాలుగో బల్ల మీద పడింది. ముందు మూడు బల్లలూ నిండాయి, వెనక బల్లలూ నిండాయి, మధ్యలో అదొక్కటే ఖాళీ. నాకు నవ్వు ఆగలేదు. పాపం, పాస్టరుగారు నరకాగ్ని గురించి చెబుతున్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి అక్క నాకేసి కళ్ళెర్రజేసింది. అంతలో తనకీ ఆ బల్ల కనబడినట్టుంది, పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అరవై దాటిన నన్నూ, డెబ్బై దాటిన అక్కనూ దేవుడి సన్నిధిలో ఇలా నవ్వించిన ఘనత మా బావగారిది. ఆయన పోయి ఏడేళ్ళయింది.

బావగారు గూడెం కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఇంటర్లో నేను ఆయన క్లాసులోనే కూర్చుని, ఆయన సబ్జెక్టులోనే తప్పాను. సొంత బావ చెప్పే పాఠంలో తప్పడం మా వంశంలో నాకొక్కడికే దక్కిన గౌరవం. తర్వాత ఏలూరులో డీటీపీ షాపు పెట్టుకుని శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు కంపోజు చేసుకుంటూ స్థిరపడ్డాను. రెండువేల సంవత్సరం దాటాక, రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉందనగా, ఆయనకి ఓ కోరిక పుట్టింది. క్వాంటం ఫిజిక్సు మీద కథలు రాయాలి. సైన్సు చదవనివాళ్ళు నవ్వుకుంటూ చదవాలి. ఒక్క సమీకరణం కూడా ఉండకూడదు. ఎందుకండీ ఇప్పుడీ యాతన అంటే ఆయన చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది: "ముప్పై ఏళ్ళు చెప్పానురా. నా దగ్గర చదివినవాళ్ళకి మార్కులొచ్చాయి, ఉద్యోగాలొచ్చాయి. ఒక్కడు కూడా ఆశ్చర్యపోలేదు. ఒక్క మామూలు మనిషి ఒక్కసారి నోరు తెరిచి ఆశ్చర్యపోతే చాలు నాకు."

ఆ మామూలు మనిషిగా ముందు నన్ను ఎంచుకున్నారు. ప్రతి శనివారం ప్యాసింజరు రైల్లో గూడెం నుంచి దిగేవారు. చంకలో కాగితాల కట్ట, చేతిలో అక్క ఇచ్చిన చేపల పులుసు క్యారేజీ. పులుసు మూత కాస్త వదులైన వారాల్లో ఆ వారం కథ ఘుమఘుమలాడుతూ ఉండేది. నేను టైపు చేస్తుంటే ఆయన పక్కన స్టూలు వేసుకుని స్క్రీన్‌ని కాదు, నా మొహాన్ని చూసేవారు. నేను నవ్వినచోట కాగితం మీద టిక్కు. తల ఊపినచోట కొట్టివేత. "తల ఊపావంటే అర్థం కాలేదన్నమాట. ఇంటర్లో కూడా ఇలాగే ఊపావు" అనేవారు. మొదటి కథలో ఎలక్ట్రాన్ ఓ మేడింటాయన. కింద అంతస్తులో ఉంటాడు, లేదా పై అంతస్తులో ఉంటాడు. భార్య చీపురు పట్టుకుని రోజంతా కాపలా కాసినా మెట్ల మీద మాత్రం దొరకడు. ఆ కథ టైపు చేస్తూ నేను నవ్వలేక కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళి వచ్చాను. బావగారు ఆ రోజు రెండు టీలు తాగారు.

రిటైర్మెంటు సభలో పుస్తకం ఆవిష్కరించాలని అనుకున్నాం. ఆహ్వానాల్లో వేసేశాం కూడా. ఆఖరి కథ కొల్లేరు చేపల చెరువు మీద. వల పైకి తీసి చూసేదాకా అందులో పడ్డ చేప అటు శీలావతీ, ఇటు బొచ్చె కూడా. మనం చూడటంతోనే ఏదో ఒకటి అయిపోతుంది. చెరువు గట్టు మీద ఇద్దరు వియ్యంకులు పులుసుకా వేపుడుకా అని పోట్లాడుకుంటుంటే, అది ఏ చేపో తేలక ఇంట్లో మసాలా నూరుతున్న చెయ్యి నూరుతున్నట్టే ఆగిపోతుంది. నేను కడుపుబ్బా నవ్వాను. బావగారు నా మొహం చూసి టిక్కు మీద టిక్కు పెట్టారు.

ఆ శనివారమే కొల్లేరు అంచున చెరువులు చేసే ఆసామి ఒకాయన గృహప్రవేశం కార్డుల ప్రూఫు చూసుకోవడానికి షాపుకి వచ్చాడు. ప్రింటు వచ్చేలోపు బల్ల మీదున్న కథలు తీసి చదవడం మొదలుపెట్టాడు. మేడింటాయన దగ్గర పెద్దగా నవ్వాడు. చేపల చెరువు దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"ఏవండీ మాస్టారూ, ఇది మాత్రం నేనొప్పుకోనండి. చెరువులో చేపపిల్ల వేసింది నేనండి. శీలావతి ఎంత, బొచ్చె ఎంత అని ఎంచి మరీ వేశానండి. వలలో ఏది పడిందో పైకి తీసేదాకా మీకు తెలియదు, నాకూ తెలియదు. కానీ చేపకి తెలుసు కదండీ!"

నేను నవ్వబోయి బావగారి మొహం చూసి ఆగాను. ఆయన స్టూలు మీంచి లేచి, ఆ కాగితాలు తీసుకుని, అడ్డంగా ఒక్క గీత గీశారు. "మీరన్నదే నిజమండీ. మనకి తెలియకపోవడం వేరు. నేను చెప్పాలనుకున్నది అది కాదు. అసలు సంగతే తప్పు రాశాను" అన్నారు. సభకి ఇంకా ఎనిమిది రోజులే ఉంది. ఒక్క కథ తీసేసి పుస్తకం వేసేద్దామన్నాను. ఆ ఒక్క కథ కోసమే మిగతావన్నీ రాశానన్నారు. గూడెంలో అక్క ఊరుకోలేదు: "కార్డుల్లో వేసేశాం కదండీ! పుస్తకం లేకపోతే నలుగురూ ఏమనుకుంటారండీ?" బావగారు చాలా నెమ్మదిగా, "నవ్విస్తూ అబద్ధం చెబితే మనుషులు దాన్ని మర్చిపోరు" అని మాత్రం అన్నారు. అక్క రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పుస్తకం లేకుండానే సభ జరిగింది. ఆవిష్కరించడానికి వచ్చిన పెద్దమనిషి శాలువా కప్పి, చేతులు ఖాళీగా ఉండటం అలవాటు లేక, దండ కూడా తనే వేశాడు.

తర్వాతి ఆదివారం చర్చిలో బావగారు ప్రసంగం వినలేదు. మా చర్చికి వీధివైపు, బల్లల వెనకగా రెండు తలుపులు, ఒకటి మగవాళ్ళది, ఒకటి ఆడవాళ్ళది. వెనక్కి తిరిగి ఆ తలుపులనే చూస్తూ కూర్చున్నారు. చూసి చూసి పాటల పుస్తకం అట్ట లోపల పెన్సిలుతో రాయడం మొదలుపెట్టారు. ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గరుంది.

అది ఎవరూ చూడని ఓ చర్చి కథ. జనం ఒక్కొక్కరే వస్తారు. ఒకరు వచ్చి, కూర్చుని, లేచి వెళ్ళిపోయాక గానీ ఇంకొకరు రారు. ఒక్క తలుపే తెరిస్తే, ఎంతమందిని చూసినా అన్ని బల్లల మీదా ఎవరో ఒకరు కూర్చుంటారు. రెండు తలుపులూ తెరిస్తే నాలుగో బల్ల మీద ఒక్కరు కూడా కూర్చోరు. ఇదేం చోద్యమని సంఘ పెద్ద నోటుబుక్కు పట్టుకుని, ఎవరు ఏ తలుపులోంచి వస్తున్నారో రాసుకుంటే, బుద్ధిగా నాలుగో బల్ల మీదా కూర్చుంటారు. ఆయన కాఫీకి వెళ్ళాడా, మళ్ళీ బల్ల ఖాళీ!

ఈసారి బావగారు నా మొహం చూడలేదు. ఆసామికి కబురు పెట్టారు. ఆయన షాపులో కూర్చుని రెండుసార్లు చదివాడు. నవ్వాడు. తర్వాత నవ్వు మాని, "కుడి తలుపులోంచి వచ్చినవాడికి ఎడమ తలుపు తెరిచుంటే ఏంటి, మూసుంటే ఏంటండీ? వాడికెందుకా గొడవ?" అన్నాడు.

"అదేనండీ. ఎలక్ట్రాన్లు అచ్చం ఇలాగే చేస్తాయి" అన్నారు బావగారు.

"మరి ఏ తలుపులోంచి వచ్చాడండీ?"

"ఎవరూ కనిపెట్టనప్పుడు ఆ ప్రశ్నకి జవాబు లేదండీ. మనకి తెలియక కాదు. లేదంతే. వేరేగా చెప్పే పెద్దలూ ఉన్నారు గానీ, నాకు తోచింది ఇదండీ."

ఆసామి చాలాసేపు ఫ్యాను కేసి చూశాడు. ఆయన నోరు నెమ్మదిగా తెరుచుకోవడం నేను కళ్ళారా చూశాను. "అయితే మాస్టారూ, ఈసారి చేపకి కూడా తెలియదన్నమాట!" అన్నాడు. బావగారు లేచి వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. అప్పుడు బావగారి మొహం చూసిన సంతోషం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మూడు నెలల తర్వాత పుస్తకం వచ్చింది. కొందరు కొన్నారు, ఎక్కువమందికి ఆయనే ఇచ్చారు. మొన్న ఆ ఖాళీ బల్లని చూస్తూ, నేను కళ్ళు మూసుకున్నంతసేపూ బావగారు అక్కడ ఉన్నట్టూ, లేనట్టూ కూడా అని రాసుకుంటే బాగుంటుందనిపించింది. రాస్తే ఆయన అడ్డంగా ఒక్క గీత గీసేవారు. అందుకని ఉన్నమాటే రాస్తున్నాను: ఆయన అక్కడ లేరు. కాలం మాత్రం ఒక్క తలుపులోంచే వెళ్తుంది. ఆయనతో గడిచిపోయింది ఎన్నిసార్లు తిరిగి చూసుకున్నా మారదు, అదే నాకు నిబ్బరం.