తాండూరక్కను ఇంటికి తీసుకెళ్లిన రోజు

మా చిన్నకొడుకు కూతురు చదువు ముగించి హైదరాబాద్‌లో కొలువులో చేరింది. పని బాగా చేస్తోందని ఆఫీసువాళ్లు దాని పేరు చెక్కిన గాజుబిళ్ల ఒకటి ఇచ్చారట. మొన్న ఆదివారం దాన్ని తువ్వాలులో చుట్టి వికారాబాద్‌కు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నేను అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో ఏం పోసుకుని తాగాలే అంటే పడీపడీ నవ్వింది. నవ్వి, "నానమ్మా, నీ మొదటి కొలువులో నీకేమిచ్చారు?" అని అడిగింది. "పర్మనెంట్ చేశారు" అన్నాను. "ఎందుకు? ఏం చేశావని?" అంది. చాయ్ చల్లారిపోతోందని మాట మార్చాను. సాయంత్రం పిల్ల బస్సెక్కి వెళ్లిపోయింది. నేను మాత్రం అప్పట్నుంచీ ఆ మాట దగ్గరే కూర్చున్నాను. ఏం చేశానంటే, ఒక మనిషిని బతికించాను. ఆ తర్వాత జరిగింది మా పిల్లలకు కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

అటు ఆంధ్ర, ఇటు తెలంగాణ కలిసి ఒక రాష్ట్రమైన కొత్తలో నేను హైదరాబాద్‌లో నర్సు చదువు పాసయ్యాను. మాది మోమిన్‌పేట్ దగ్గర పల్లె. నాయిన ఒకరి పొలంలో పనిచేసి నన్ను చదివించాడు. పట్టా చేతికొచ్చిన ఆదివారం దాన్ని ప్రార్థనకు తీసుకుపోయి, అందరికీ చూపించమని పాస్టరుగారికి ఇచ్చాడు. ఇంగ్లీషు రాని ఆ పెద్దాయన దాన్ని తలకిందులుగా పట్టుకుని దీవించాడని మా అమ్మ చాలా ఏళ్లు చెప్పుకుని నవ్వేది. నాకు వికారాబాద్ కొండమీది క్షయ ఆసుపత్రిలో కొలువు వచ్చిందని తెలిసిన రోజు మాత్రం ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఆ రోజుల్లో ఆ రోగం పేరు కూడా గట్టిగా అనేవాళ్లు కాదు. అమ్మ ఊళ్లో అడిగినవాళ్లకల్లా "వికారాబాద్ల పెద్దదవాఖాన" అని చెప్పి, కొండ సంగతి మింగేసేది. సెలవుకు ఇంటికొస్తే గడప దాటకముందే నా బట్టలన్నీ కాగే నీళ్లలో వేసి ఉడికించేది. నయమే, తెల్లబట్టల కొలువు, రంగు పోతదన్న ఫికర్ లేదు అనేది.

ఆసుపత్రి పొడవాటి వరండాల ఇల్లులాగా ఉండేది. అప్పట్లో మంచి గాలి కూడా మందే. చలికాలంలో కూడా మంచాలన్నీ వరండాలోకి జరిపేవాళ్లం. పొద్దున దుప్పట్ల మీద మంచు తడి ఉండేది. సూదిమందు వచ్చి ఎక్కువ కాలం కాలేదు. రోజూ పొడిపించుకుని రోగులకు చెవుల్లో హోరు పుట్టేది. పగలు విశ్రాంతివేళ ఎవరూ మాట్లాడకూడదు. ఆ నిశ్శబ్దంలో ఒక మంచం దగ్గర దగ్గు మొదలైతే వరండా అంతా పాకుతూ పోయేది. కింద వికారాబాద్ స్టేషన్‌లో రైలు కూస్తే తలలన్నీ ఒక్కసారి అటు తిరిగేవి. మా మేట్రన్ గుంటూరు వైపు మనిషి, పెళ్లి చేసుకోలేదు, నవ్వు తక్కువ. మొదటిరోజే నన్ను పిలిచి, "అమ్మాయ్, మూతికి గుడ్డ కట్టుకో, తప్పులేదు. మొహం మాత్రం తిప్పుకోకు. వీళ్లు చాలామంది తిప్పుకోవడం చూసి వచ్చారు" అంది. చదువులో ఆ పాఠం మాకెవరూ చెప్పలేదు.

నేను చేరిన కొత్తలోనే తాండూరు నుంచి ఒకామెను తీసుకొచ్చి చేర్చారు. నాకంటే కొంచెం పెద్దది. భర్త తాండూరులో కందుల వ్యాపారి దగ్గర గుమాస్తా. ఆమె పుట్టింది తాండూరు అవతల కన్నడ పల్లెలో. తల్లీతండ్రీ లేరు. మేమంతా ఆమెను తాండూరక్క అనేవాళ్లం. నోట్లోంచి రక్తం పడుతుండగా వచ్చింది. ఇంటి దగ్గర రెండేళ్ల ఆడపిల్ల. పాలు కూడా పూర్తిగా మానని పిల్లను లాగి పక్కన పెట్టి ఈమెను బండెక్కించారు. కన్నడంలో పసిపిల్లను కూసు అంటారు. నిద్రలో, జ్వరంలో ఆమె నోట ఆ ఒక్క మాటే వచ్చేది. ఆ మంచం నా వంతుకు వచ్చింది. పెద్దడాక్టరు ఎక్స్‌రే చూసి తిరిగి కవరులో పెట్టేశాడు. ఆయన అలా పెట్టేస్తే అర్థమేమిటో మాకు తెలుసు.

ఆమె తినేది కాదు. గుడ్డు ఇస్తే దిండు కింద దాచేది, పాలు ఇస్తే తొట్టిలో పోసేది. సూదికి మాత్రం చెయ్యి చాచేది, అదేదో తనది కాని చెయ్యి అన్నట్టు. ఒకరోజు నేను గిన్నె పట్టుకుని పక్కన కూర్చుని బతిమాలుతుంటే, "ఎందుకు తినాలె సిస్టరమ్మా? నా బిడ్డకు పాలు మాన్పిచ్చిన్రు. ఇగ నేను తిని ఎవరికి పెట్టాలె?" అంది. నాకు కోపమొచ్చింది. చిన్నతనం, చదువుకొచ్చిన గర్వం, రోజూ పారబోసిన పాలు, అన్నీ కలిసిన కోపం. "నీ బిడ్డ తాండూరుల ఉన్నది. అది నీ దగ్గరికి రాలేదు, నువ్వే పోవాలె. గీ కాళ్లతోని రైలెక్కుతవా? కొండ కూడా దిగలేవు" అన్నాను. వార్డంతా విన్నది. మేట్రన్ వింటే నా పని అయిపోయేది. తాండూరక్క చాలాసేపు తన కాళ్లవైపు చూసుకుంది. తర్వాత గిన్నె అందుకుంది.

అక్కణ్నుంచి మేమిద్దరం ఒక పనిలో పడ్డాం. ఆమె మంచంమీద కూర్చోవడం, మంచం పట్టుకుని నిలబడటం, వరండా చివరిదాకా నడిచి రావడం. మధ్యలో రెండుసార్లు రక్తం పడి మళ్లీ మొదటికొచ్చింది. మొదట్లో భర్త నెలనెలా వచ్చేవాడు. మెట్ల కిందే నిలబడి, టోపీ చేతిలో పట్టుకుని, బిడ్డ మంచిగున్నదని చెప్పి పోయేవాడు. తర్వాత అతని చిన్నాయన కొడుకు వచ్చాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. పని ఒత్తిడేమో అని ఆమె అనేది, అదే అయి ఉంటుందని నేను అనేదాన్ని. పక్కమంచాల్లో కొందరు వెళ్లిపోయారు, కొందరు ఇళ్లకు, ఎక్కువమంది ఇంకోవైపుకు. మూడో ఏడు నడుస్తుండగా ఉమ్మి పరీక్షల్లో ఏమీ లేదని వరసగా వచ్చింది. పెద్దడాక్టరు కొత్త ఎక్స్‌రేను కిటికీ దగ్గర పెట్టి చూసి, ఈసారి కవరులో పెట్టకుండా అందరినీ పిలిచి చూపించాడు. మేట్రన్ నా భుజంమీద చెయ్యి వేసి, "ఈ అమ్మాయి పని ఇది" అంది. ఆ నెలలోనే నా కొలువు పర్మనెంట్ అయింది. నాయినకు చెబితే, కొండమీది కొలువని కూడా మరిచి ఊరంతా చెప్పుకొచ్చాడు. అమ్మ నెత్తి కొట్టుకుంది.

ఇంటికి పంపించవచ్చని తాండూరుకు కబురు పెట్టారు. జవాబు లేదు. మళ్లీ పెట్టారు. రోజూ బస్సువేళకు ఆమె తల దువ్వుకుని కూర్చునేది. చివరికి మేట్రన్ నన్ను పిలిచి, నువ్వే దింపి రామ్మా అంది. వికారాబాద్ బజారులో తాండూరక్క తనకు ఎర్రగాజులు, బిడ్డకు చిన్నగాజులు కొన్నది. అప్పటికి బిడ్డ చెయ్యి ఎంత ఉంటుందో తెలియక దుకాణంలో పిల్లలు కనబడితే వాళ్ల చేతులు పట్టుకుని చూసింది. రైల్లో ఎదురుగా కూర్చున్న ముసలామె ఎక్కడినుంచి వస్తున్నరని అడిగితే, "పుట్టింటికి పోయొస్తున్న" అని తడుముకోకుండా చెప్పింది. తాండూరు దగ్గర పడుతుంటే కిటికీ ఇనుపకడ్డీలు పట్టుకుని, గనుల దగ్గర పేర్చిన బండలకేసి చూస్తూ, "గుర్తుపడతదా చెల్లె?" అంది. నన్ను సిస్టరమ్మా అనడం ఎప్పుడో మానేసింది. పడుతుంది అన్నాను.

వాళ్లది నాపరాళ్ల గోడల ఇల్లు. వాకిట్లో ఒకామె కందులు చెరుగుతోంది. నిండుగర్భిణి. మమ్మల్ని చూసి లేవబోయి, లేవలేక, లోపలికి చూసి అత్తా అని పిలిచింది. ఆ పిలుపుతోనే తాండూరక్క నా చెయ్యి పట్టుకుంది. అత్త బయటికి వచ్చింది. కోడల్ని చూసి గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఆమెతో కాకుండా నాతో మాట్లాడింది. "నర్సమ్మా, ఎందుకు తోలుకొచ్చినవు? ఈ ఇంట్ల నా ఇద్దరు కొడుకులను మింగింది ఆ బీమారి. ఉన్నొక్కడు మిగిలిండు. ఆమె పోయిందనే చెప్పినం అందరికి. దినాలు కూడా చేసినం. బిడ్డకు గూడ గదే చెప్పినం." నేను ఎక్స్‌రే గురించి, ఉమ్మి పరీక్షల గురించి, రోగం ఇక లేదని చెప్పాను. చదువుకున్న మాటలన్నీ చెప్పాను. ఆమె అన్నీ విన్నది. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. నాకు భయమైతది బిడ్డా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. నేనూ తిట్టగలిగేదాన్ని. భర్త ఆ వేళకు ఇంట్లోనే ఉన్నాడు. తలుపు వెనక అతని పాదాలు కనబడుతున్నాయి. అవి ముందుకు రాలేదు.

అంతలో పక్కసందులోంచి ఒక ఆడపిల్ల పరుగెత్తుకొచ్చింది. ఐదేళ్లుంటాయి. చెరుగుతున్న ఆమెను అమ్మా అని వాటేసుకుని, మావైపు చూసి, "మీరెవలు?" అంది. అత్త కళ్లు మూసుకుంది. తాండూరక్క ఒక్క మాట చెబితే ఆ వాకిలి కూలిపోయేది. ఆమె మెల్లగా నా చెయ్యి వదిలింది. "తోవ పోతున్నం. దూపయింది. జర నీళ్లిస్తవా?" అంది. పిల్ల లోపలికి ఉరికి, చెంబు రెండు చేతులతో పట్టుకుని, ఒలకబోసుకుంటూ తెచ్చింది. తాండూరక్క వాకిట్లో కూర్చుని దోసిలి పట్టింది. పిల్ల పోసింది, ఈమె తాగింది. చెంబుకు వేలు తగలనివ్వలేదు. రోగం లేదని మూడేళ్ల చాకిరీ తర్వాత తేల్చిన మనిషి, ఆ చెంబును మాత్రం ముట్టకుండా తాగింది. చెంబు ఖాళీ అయ్యాక ఆ చిన్నగాజులు తీసి పిల్ల చేతికి తొడిగింది. కొంచెం బిగుతయ్యాయి గాని ఎక్కాయి. "ఎందుకు?" అంది పిల్ల. "నీళ్లు పోసినవు గద" అంది. లేచి, అత్తవైపు గాని తలుపువైపు గాని చూడకుండా నడిచింది. నేను వెనకాల పోయాను.

తిరుగు రైలుకోసం స్టేషన్‌లో చాలాసేపు కూర్చున్నాం. నేను ఏడుస్తున్నాను. యూనిఫాం వేసుకున్న నర్సు ఏడుస్తుంటే జనం రోగినీ నర్సునూ గుర్తుపట్టలేక ఇద్దరినీ చూసిపోతున్నారు. పోలీసుల దగ్గరకు పోదామన్నాను, పెద్దమనుషులను పిలుద్దామన్నాను. "పిలిచి?" అంది ఆమె. "నేను ఉన్నట్టయితే ఆ కడుపుతోని ఉన్నామె ఏమైతది? నా బిడ్డ ఎవరిని అమ్మా అంటది?" పట్టాలకేసి చూస్తూ, "మంచిగ పోసింది చెల్లె నీళ్లు. బలంగ ఉన్నది పిల్ల" అంది.

కొండ ఎక్కి వచ్చిన మమ్మల్ని చూసి మేట్రన్ ఇద్దరినీ లోపలికి తీసుకుపోయింది. పెద్దడాక్టరుతో మాట్లాడి తాండూరక్కను వార్డులో ఆయాగా పెట్టించింది. నేను కొలువు మానేస్తానని మేట్రన్ గదిలోకి వెళ్లాను. బతికించి ఏం లాభం అని అడిగాను. "మానేస్తే మానెయ్. రేపు పొద్దున ఆ మంచంలోకి వచ్చే మనిషికి సూది ఎవరు పొడుస్తారో చెప్పి మానెయ్" అంది. మానలేదు. ఆ తర్వాత ముసలిదాన్నయ్యేదాకా అదే పని చేశాను. కొలువులో నెగ్గుకొచ్చానని అందరూ అంటారు, నిజమే. అయితే నేను మాత్రం ఆ రోజు నుంచి ఏ రోగి నయమై ఇంటికి వెళ్తున్నా సంబరపడటం మానేశాను. గేటు దాకా వెళ్లి, తీసుకెళ్లడానికి వచ్చినవాళ్ల మొహాలు చూసేదాన్ని.

తాండూరక్క మాతో కొన్నేళ్లు ఉంది. అన్నం తినననే కొత్త రోగులను మేమంతా ఆమెకే అప్పగించేవాళ్లం. బతిమాలేది కాదు, పక్కన కూర్చుని వాళ్ల పిల్లల పేర్లు అడిగేది. తర్వాత రోగం తిరగబెట్టింది. ఈసారి సూదిమందు పనిచేయలేదు. ఇంకో మందు వాడారు, అదీ అంతే. మునుపు పడుకున్న వరండాలోనే, వర్షాలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున పోయింది. నేను పక్కనే ఉన్నాను. తాండూరుకు కబురు వెళ్లింది. దహనం మా ఆసుపత్రివాళ్లే చేశారు. మర్నాడు ఆమె భర్త వచ్చాడు. తల నెరిసింది. ఎప్పటిలాగే మెట్ల కింద నిలబడ్డాడు. "ఏమన్న అన్నదా?" అని అడిగాడు. లేదన్నాను. "పిల్ల బడికి పోతున్నది. మంచిగ చదువుతది" అన్నాడు, నాకు చెబుతున్నాడో ఇంకెవరికి చెబుతున్నాడో తెలియలేదు. వరండా వైపు ఒకసారి చూసి వానలోనే కొండ దిగిపోయాడు.

ఆ పిల్ల బతికుంటే ఇప్పుడు డెబ్బై దాటి ఉంటుంది. తల్లి పోయింది తన పసితనంలో అనుకుంటూనే మనవల్ని ఎత్తుకుని ఉంటుంది. ఆమెకు తెలిసిన చావుకూ నాకు తెలిసిన చావుకూ మధ్య ఎన్నో చలికాలాలు, ఎన్నో వానలు ఉన్నాయి. ఎవరి ఇంటి లెక్కలోనూ చేరని ఆ ఏళ్లన్నీ ఒక మనిషి నిజంగా బతికినవేనని చెప్పడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను, నాకేమో రోజులు దగ్గరపడ్డాయి.