టీ మరక రంగు చార

కాల్డర్ లోయలో ఆ నేతమిల్లు నేసేది మెట్ల మధ్యన పరిచే సన్నటి ఊలు తివాచీలు. ఏటా కొత్త రంగులు కావాలి. ఎవరికి తోచిన దారాలు వాళ్లు అట్టముక్కకు చారలుగా చుట్టి కిటికీలో పెడతారు. యజమాని అక్రాయిడ్ ఒకటి ఎంచుతాడు. దాన్ని ఉన్నదున్నట్టు నేసి ముందు మిల్లు మెట్ల మీదే పరుస్తారు.

బెరిల్ సట్‌క్లిఫ్ కోరికల్లా ఒక్కటే, తన చారలు ఆ మెట్లెక్కాలి. చిన్నపిల్లప్పుడే దారపు కండెలు మోయడానికి చేరి, అక్కడే జుట్టు నెరిసిపోయింది. ఆవిడ అట్ట మాత్రం ఎప్పుడూ కిటికీ దాటలేదు. మొన్న మొన్న హాలిఫాక్స్ నుంచి ఊడిపడ్డ థెల్మా అట్టలేమో వరసగా రెండేళ్లు మెట్లెక్కి కూర్చున్నాయి. ఒళ్లు మండదూ మరి!

"కొండ మీద రాతిగోడకి నాచు పట్టింది బెరిల్ అక్కా. పక్కనే తుప్పు పట్టిన గేటు. రెండూ కలిపి చుట్టేశా," అనేది థెల్మా.

"నేను పుట్టిందే ఆ గోడ పక్కన. నాకెప్పుడూ ఏమీ కనపడలేదేమే?"

"నీకు గోడ కనపడి ఉంటుందిలే అక్కా."

ఆ మాట బెరిల్ గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది.

ఈ ఏడు థెల్మా అట్ట మీద కొండపూల ఊదా, నాచుపచ్చ, నడుమ ధగధగలాడే ఆవపువ్వు పసుపు. అందరూ టీకి వెళ్లారు. బెరిల్ వెళ్లలేదు. ఆ అట్టనే చూస్తూ కూర్చుంది. ఎంత బాగుందో ఆవిడకి తెలుసు, అందుకే ఓర్వలేకపోయింది. గబగబా పసుపు దారం ఊడదీసింది. అన్నిటికంటే వికారమైన రంగు ఏదా అని వెతికితే ఎదురుగా మూత తీసి ఉన్న తన టీ కెటిల్ కనబడింది. లోపల ఏళ్ల తరబడి పట్టిన మరక. సరిగ్గా ఆ గోధుమరంగు దారమే ఏరి చుట్టింది. కుళ్లుతో చుట్టినా చేతులు మాత్రం అలవాటు చొప్పున పోగు పక్కన పోగు పొందిగ్గా పేర్చాయి.

అక్రాయిడ్ వచ్చి అట్టను వెలుతురుకు పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పోయినేటి రంగులు కాస్త కళ్లకు గుచ్చుకునేవి థెల్మా. ఈసారి ఈ గోధుమ చార అన్నిటినీ నిలబెట్టింది. ఎక్కడ పట్టావమ్మా?"

థెల్మా అట్ట చూసుకుంది. తర్వాత బల్లలన్నీ చూసింది. బెరిల్ కెటిల్ దగ్గర చూపు ఒక్క క్షణం ఆగింది.

"వాన పడ్డాక కొండ మీది మట్టండీ," అంది.

అది నా కెటిల్ అని అరవాలనిపించింది బెరిల్‌కి. అరిస్తే, నీ రంగు ఆ అట్ట మీదికి ఎలా వెళ్లిందని అడగరూ? తేలు కుట్టిన దొంగలా కెటిల్ మీద మూత పెట్టేసింది.

తివాచీ పరిచిన రోజున థెల్మా మెట్ల దగ్గర ఆవిడ చెవిలో అంది, "వచ్చే ఏడు కూడా ఒక చార ఊడదీసి పుణ్యం కట్టుకో అక్కా."

ఆ రోజు నుంచి బెరిల్ తివాచీ మీద అడుగు పెట్టకుండా, గోడ వారన ఖాళీగా మిగిలిన చెక్క మీదే ఒదిగి ఒదిగి ఎక్కుతోంది. థెల్మా మీద కుళ్లుతోనే తొక్కడం లేదని మిల్లంతా నవ్వుకుంది. తన చార అరిగిపోతుందని ఆవిడ భయం.